జోళ్ల బేరము

ఒక యువకుడు చేతికి వచ్చిన బేరమును తానుగా చెడగొట్టుకొనుట చూచి ఈ వారము నాకు గొప్ప సంతోషము కలిగినది. తిరువూరు బస్సు స్టాండుకు కూతవేటు దూరములో, మేడమీద ఒక్క గదిని అద్దెకు తీసుకొని, పేరుపడిన కంపెనీల స్నీకర్లను, కొన్నింటిని పెట్టె విప్పని కొత్తవిగాను, ఎక్కువ భాగమును ఒకరు తొడిగి విడిచినవిగాను కొని అమ్ముచున్న ఆ కుర్రవాడు, సత్తుపల్లి నుండి బస్సెక్కి వచ్చిన కాలేజీ పిల్లవాడొకడు రొక్కము చేతబట్టుకొని బ్రతిమాలుచున్నను, "తమ్ముడూ, నీ పాదం వెడల్పు, ఈ మోడల్ సన్నం. నెల తిరక్కుండా చిటికెనవేలి దగ్గర విచ్చిపోద్ది. నీకు ఇవ్వను" అని జోడును మరల అరమీద పెట్టివేసెను.

నేను అచ్చటికి మెచ్చుకొనుటకై పోలేదు. మా వీధిలోని మిత్రుని మనుమడు కొన్న జోడు పెట్టెమీద అచ్చువేసిన ధరకును, వాడు వేరొక ఊరి వర్తకునికి చెల్లించిన ధరకును నడుమనున్న అంతరమును విని, మనస్సు మండి, ఈ వ్యాపారమును గూర్చి నాలుగు మాటలు గట్టిగా వ్రాయవలెనను సంకల్పముతోనే ఆ మెట్లెక్కితిని. ఈ శీర్షికను విడువక చదువువారికి నా పాత పాట తెలిసినదే: వస్తువు వాడుకకొరకు పుట్టినది, వాడని వస్తువు ఇంటికి బరువు. అటకమీది ఇత్తడి గంగాళములను గూర్చియు, పాఠశాల గ్రంథాలయమున తాళము తీయని అద్దాల బీరువాను గూర్చియు నేను వ్రాసినపుడు సమ్మతించినవారును కలరు, ఇంటికి వచ్చి తగవులాడినవారును కలరు. అట్టి నాకు, నడచుటకై పుట్టిన జోడును నడువనీయక, పెట్టెలో బంధించి, ధర పెరుగువరకు కాచుకొని అమ్ముట యెట్లు రుచించును?

చట్టము సైతము నా పక్షముననే యున్నది. పొట్లము కట్టిన సరుకును దానిపై అచ్చువేసిన గరిష్ఠ ధరకు మించి ఏ చిల్లర వర్తకుడును అమ్మరాదని 2011 నాటి తూనికలు కొలతల నియమములలో 18వ నియమము చెప్పుచున్నది. ఆ మాటయే అడిగితిని. కుర్రవాడు తడబడలేదు. "అందుకే మాస్టారూ, నా దగ్గర కొత్త పెట్టెలు తక్కువ, ఉన్నా పెట్టె మీది ధర దాటను. నాది వాడిన జోళ్ల బేరం" అని, నన్ను కూర్చుండబెట్టి, తన విద్యను ఒక్కొక్కటిగా విప్పి చూపనారంభించెను.

ఆ విద్య యంతయు కొనుటలోనే యున్నది. అమ్ముట దానికి తోక వంటిది. నాలుక లోపలి చీటిమీది అంకెలను పెట్టెమీది అంకెలతో సరిచూచును. మడమవెనుక కుట్టు వరుసను గోటితో తడవి చూచును. లోపలి అట్టను ఎత్తి, దానిక్రింది కుట్టును టార్చి వెలుతురున పరికించును. చివరకు జోడును ముఖమునకు చేర్చి వాసన చూచును, ఏలయన దొంగసరుకులో చవుకబారు జిగురు ఘాటు పలుమారు పట్టియిచ్చునట. మనవారు 'ఫస్ట్ కాపీ' యని ముద్దుగా పిలుచుకొను ఆ నకిలీలలో అధిక భాగము చైనాదేశపు ఫుజియాన్ తీరమునందలి పుతియెన్ నగర పరిసరములలో తయారగుచున్నదనియు, అసలు కంపెనీల జోళ్లు కుట్టిన కార్ఖానాలు వెలసిన ప్రాంతమే యగుటచే అచ్చటి హస్తకౌశలము సామాన్యమైనది కాదనియు ఆతడు చెప్పినపుడు, శత్రువు విద్యను గౌరవించుట ఎరిగిన యోధుని మాట వింటినని తోచినది.

నాకు మిక్కిలి నచ్చిన పాఠము వేరొకటి. జోడు అట్టకును అడుగునకును నడుమనుండు మెత్తని భాగము, మిడ్‌సోల్ అని వారందురు, పలు జోళ్లలో పాలీయూరిథేన్ అను పదార్థముతో చేయబడును. నైకీ కంపెనీవారి ఎయిర్ జోర్డాన్ వరుసలో మూడవదియు నాలుగవదియు అట్టివే. గాలిలోని తేమ ఆ పదార్థపు అణుశృంఖలను మెల్లమెల్లగా తెంచును. పెట్టె మూసియున్నంత మాత్రమున తేమ ఆగదు. పదేండ్లో పదునైదేండ్లో భద్రముగా దాచిన జోడు తొడిగిన తొలినాడే సున్నపు పెళ్లవలె పిండియై రాలిపోవుట కద్దు. మన వానకాలపు ఉక్కను ఎరిగిన ఈ కుర్రవాడు, పాత జోడు కొనవచ్చిన ప్రతివానికిని ముందుగా తయారీ నెల, సంవత్సరము చదివి వినిపించి, "ఇది దాచుకోటానికైతే తీసుకోవద్దు" అని చెప్పును. రసాయనశాస్త్రము కూడ నా పాత పాటనే పాడుచున్నదని నేనెంత సంబరపడితినో చదువరులు ఊహించుకొనవచ్చును.

పాదముల వెడల్పును గూర్చి ఆతడు చెప్పినది గాలిమాట కాదు. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థవారు కొలది యేండ్ల క్రిందట దేశమంతటను లక్షమందికి పైగా జనుల పాదములను కొలిపించి, యూరపు, అమెరికా కొలతలు మనవారి వెడల్పాటి పాదములకు అమరవని తేల్చి, 'భా' అను పేర స్వదేశపు కొలతలను ప్రతిపాదించిరి. చిన్ననాడు వట్టికాళ్లతో పొలముగట్లపై తిరిగిన పాదము విచ్చుకొని పెరుగును. అంగుళముల పట్టిక చూచి అంకె నొక్కిన వానికి పెద్ద ఆన్‌లైన్ అంగడి ఆ సంగతి చెప్పదు; చెప్పుటకు అది వాని పాదమును చూడలేదు.

మరి ఆ పెద్ద అంగళ్లలో నీవేల చేరవని అడిగితిని. లెక్క చెప్పెను. రాష్ట్రములోపలనే అమ్ముకొను చిన్న వర్తకునికి సాలుకు నలుబది లక్షల లోపు జీఎస్టీ నమోదు అక్కరలేదు గాని, ఎల్ల దాటించి పంపిన సరుకునకు తొలి రూపాయి నుండియు నమోదు కావలెను; ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మువారికైతే 2023 అక్టోబరు వరకు రాష్ట్రములోపలి అమ్మకమునకును అది తప్పనిసరియై యుండెను. తిరువూరు ఉన్నదా, అంచుమీది ఊరు. ఖమ్మం జిల్లా ఇక్కడికి పొరుగు వీధివంటిది. అందుచేత విజయవాడకును, నూజివీడునకును ఆర్టీసీ కార్గోలో పంపునట. ఎల్లకు అవతలి సత్తుపల్లివారు మాత్రము బస్సెక్కి వచ్చి, కాలు పెట్టి చూచుకొని, చేతితో పట్టుకొని పోవలెను. దీనికి తోడు కమీషను, అసలు జోడు తీసికొని నకిలీని వాపసు పంపు మాయగాండ్ర బెడద. ఇవన్నియు విని, ఆతని వాట్సాప్ జాబితాయే ఆతని అంగడియని ఒప్పుకొంటిని. ఈ పద్ధతి కొత్తదియు కాదు. నైకీ యను పేరు పుట్టకమునుపు, 1964లో బిల్ బోవర్‌మన్‌తో కలిసి వ్యాపారము మొదలిడిన ఫిల్ నైట్, జపాను నుండి తెప్పించిన టైగర్ జోళ్లను తన ప్లిమత్ వాలియంట్ కారు డిక్కీలో వేసికొని, పరుగుపందెములు జరుగు మైదానముల చుట్టు తిరిగి అమ్మినవాడే. ఆ కంపెనీయే 1985లో 65 డాలర్లకు అమ్మిన తొలి ఎయిర్ జోర్డాన్, ఆ వెంటనే అనేక దుకాణములలో తగ్గింపు ధరల బుట్టలలో పడియుండి, నేడు పూజా విగ్రహమైనది.

ఇంతవరకు వ్రాసి, ఇక పెట్టెలో దాచుకొనువారిని దులిపివేయవచ్చునని కలము సవరించుకొనుచుండగా, మా బాల్యమున మా ఊరి పాలేరొకడు జ్ఞప్తికి వచ్చి నా చేయి ఆపినాడు.

ఆతడు కిర్రు చెప్పులు కుట్టుటలో ఆ చుట్టుపట్ల పేరుపడిన ఇంటివాడు. నడచునపుడు కిర్రు కిర్రుమని పలికిన చెప్పే మేలైన చెప్పని ఆనాడు మోతుబరులు మురియుచుండిరి. ఆ పలుకు తోలులో ఎట్లు పుట్టునో ఆ ఇంటివారికి తెలియును. ఐనను ఆతడు తాను కుట్టుకొన్న చెప్పులతో పొలమునుండి వచ్చుచు, బొడ్రాయి చేరువకు రాగానే వాటిని విడిచి, చంకన ఇరికించుకొని, పెద్దవీధి దాటువరకు వట్టికాళ్లతో నడచువాడు. వైశాఖమాసపు మధ్యాహ్నమున మా వీధి దుమ్ము ఎట్లు కాలునో నా అరికాళ్లు ఎరుగును. చెప్పులు అరిగిపోవునని పొదుపుచేయుచున్నాడని నేను చాలకాలము అనుకొంటిని. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చిన పిదప గూడ ఆ వీధిలో ఆ నడక మారలేదు.

మహాభారతము ఆనుశాసనిక పర్వములో భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి కలదు. జమదగ్ని వేసిన బాణములను ఏరి తెచ్చుచు, ఎండకు తలయు పాదములును మాడి, రేణుకాదేవి చెట్టునీడన నిలిచిపోగా, ముని కోపించి సూర్యునిపైననే విల్లెక్కుపెట్టినాడట. అంతట సూర్యుడు దిగివచ్చి ఒక గొడుగును, ఒక జత పాదరక్షలను ఇచ్చినాడట. ఎండనపడిపోవు వానికి చెప్పులిచ్చుట మహాదానమని ఆ కథకు ఫలశ్రుతి. దానమిచ్చుట అటుండనిండు, తన చేతులతో కుట్టుకొన్న దానిని తన కాళ్లకు తొడుగుకొననీయని వీధిలో ఆ పురాణమును ఏటేట చదివించిన వారము మనము. 1941లో వెలువడిన జాషువా కవి 'గబ్బిలము'న తన గోడు విన్నవించుకొను అరుంధతీసుతుడు ఆ పాలేరు వంశమువాడే. బహిరంగ స్థలములలో దళితుడు పాదరక్షలు ధరించుటను అడ్డగించుట నేరమని ప్రత్యేకముగా పేర్కొనుచు మన పార్లమెంటు అత్యాచారముల నిరోధక చట్టమును సవరించినది ఏ నాడో కాదు, 2015లో. 2016 జనవరి 26న అది అమలునకు వచ్చినది. ఇరువదియొకటవ శతాబ్దమున గూడ చట్టము ఆ మాటను వ్రాయవలసి వచ్చినదన్న, చంకన చెప్పులతో నడచినవారు ఎంతమందియో, ఎంతకాలమో తలచుకొనుడు.

ఆ పాలేరు కుమారుడు పట్టణమున ఉద్యోగము సంపాదించి, తండ్రికొక జత బాటా బూట్లు కొని తెచ్చినాడు. ముసలివాడు వాటిని ఏనాడును తొడగలేదు. గడప ప్రక్కన గోడగూటిలో, వీధిన పోవువారందరకు కనబడునట్లు, నిగనిగలాడునట్లు తుడిచి పెట్టుకొన్నాడు. బాలుడనైన నాకు అది వ్యర్థముగా తోచినది. బహుశః వాడని వస్తువును గూర్చి నా పాత పాటకు పల్లవి ఆ గూటికడనే పుట్టినదేమో. ఇన్నేండ్లకు, ఈ జోళ్ల కథ వ్రాయుచు, ఆ బూట్లు తమ పని పూర్తిగా చేసినవని తెలిసికొంటిని. వీధిలోని ప్రతి పెద్దమనిషియు దినదినము వాటిని చూచి పోవలసివచ్చినది; ఏ నడకయు అంత దూరము పోజాలదు. కాబట్టి నడిచిన జోడే జోడని ఇక మీద నేను వాదింపను. గంగాళముల విషయమున నా పట్టు విడువలేదు గాని, తొలితరపు సంపాదనతో కొన్న జోడును హాస్టలు గదిలో మంచము క్రింద పెట్టెలో దాచుకొని, రాత్రివేళ తీసి చూచుకొను పిల్లవానిని దులుపుటకు నాకు హక్కు లేదు. ఈ కుర్రవాడు అట్టివారినుండి మూడు వాయిదాలలో సొమ్ము తీసికొనుచు, లెక్కను ఖాతా పుస్తకములో వ్రాసుకొనుచున్నాడు. పిల్లవానిని క్రెడిట్ కార్డును గాని, మరే పూచీని గాని అడుగని వాయిదా అది.

ఐతే ఆతనితో నాకు తగవు లేకపోలేదు. అడుగు ఊడిన జోళ్లను, అంచు విచ్చినవాటిని ఆతడు బస్సు స్టాండు మూలన గొడుగు క్రింద కూర్చుండు పెద్దాయన చేత కుట్టించును. ఆ కుట్టును దగ్గరగా చూచితిని. కార్ఖానా కుట్టుప్రక్కనే నడచి, దాని కన్నములనే వెదకి పట్టుకొని, ఎక్కడ అసలు ముగిసి ఎక్కడ మరమ్మతు మొదలైనదో తెలియనీయని కుట్టు. ఎనిమిది వందలకు కొన్న చెడిన జోడును మూడు వేలకు పోవునట్లు చేయుచున్నది ఆ సూదియే. ఆయనకు ముట్టునది జోడునకు ఎనుబది రూపాయలు. ఇది న్యాయము కాదని నిష్కర్షగా చెప్పితిని. లాభములో వాటా ఇయ్యవలెననియు, జోడుతో ఇచ్చు చీటిలో మరమ్మతు చేసినవారి పేరు వ్రాయవలెననియు కోరితిని.

కుర్రవాడు చాలసేపు పలుకక, "పేరు రాస్తాను మాస్టారూ, అది మంచి మాటే, జనం ఆయన్ని అడిగి వస్తారు. వాటా అంటే మాత్రం కష్టం, గది అద్దె నా మీదుంది. జోడుకి రెండు వందలు చేస్తా" అనెను. ఎనుబదికంటె రెండు వందలు మేలే, కాదనను. ఐనను రెండు వందలు కూలియే గాని వాటా కాదు. తెచ్చినవాడు, కుట్టినవాడు, ఇద్దరును కలిసి నిలబెట్టిన సరుకునకు లాభము ఒక్కని పెట్టెలోనే పడుట నాకు సమ్మతము కాదు. ఆ సంగతి ఆతనితోను, గొడుగు క్రింది పెద్దాయనతోను కలిపి మాటలాడుటకు వచ్చే ఆదివారము మరల పోవుచున్నాను.