తల్లి యుండియు అనాథ

బెంగుళూరునుండి గుంతకల్లు మీదుగా ముంబయి పోవు రైలు హిందూపురమున ఆగి, పెనుకొండ దుర్గపు రాళ్లబారును కిటికీలలో చూపి, ధర్మవరము జంక్షను చేరునప్పటికి, చాయ్ అమ్మువారి కేకల నడుమ పెట్టెలోని నేలను తన చొక్కాతోనే తుడిచి చేయి చాచు పసివాడొకడు కనబడుట మా సీమ ప్రయాణికుల కెరుకయే. అట్టి బాలుని చూచినప్పుడెల్లను నాకు మీరా నాయర్ 1988లో తీసిన ‘సలాం బాంబే’ జ్ఞప్తికి వచ్చును. ఏలయన అందలి కృష్ణ పాత్రధారి షఫీక్ సయ్యద్ బెంగుళూరు మురికివాడను విడిచి ముంబయి చేరి, ఆ నగరపు వీథులలో బ్రతికిన బాలుడే.

కథలోని కృష్ణుడు తల్లి యుండియు అనాథ. అన్న మోటారు సైకిలును తగులబెట్టెనన్న కోపమున తల్లి వానిని సర్కసులో విడిచి, అయిదువందల రూపాయలు తెచ్చినగాని ఇంటికి రావలదనును; ఆ సర్కసు గూడ వానిని వదలి పోవును. ముంబయిలో దిగినవాడు టీ గ్లాసులు మోసి, కోళ్ల ఈకలు పీకి, రూపాయి రూపాయి కూడబెట్టును. వీథి వానికి పెట్టిన పేరు చాయ్‌పావ్.

నటులు కానివారిని తెచ్చి వీథిలోనే చిత్రించు సంప్రదాయము ఇటలీయందు డి సీకా 1946లో ‘షూషైన్’ తీసిననాటికే ప్రసిద్ధము. మన దేశమున 1954 నాటి ‘బూట్ పాలిష్’ అనాథబాలల కథనే చెప్పినను, దానిలో పాటల మాధుర్యపు పాలెక్కువ. మీరా నాయర్ పద్ధతి వేరు. వీథిబాలురను చేరదీసి, నాటకదర్శకుడు బారీ జాన్ చేత కొన్ని వారములు శిక్షణ యిప్పించినప్పుడు, నటన నేర్పుటకంటె, సినిమాలు చూచి వారలవరచుకొన్న చేతుల విసురులను, గొంతులోని ఆర్భాటమును మాన్పించుటయే కష్టమైన పనియైనది. సూనీ తారాపోర్‌వాలా వ్రాసిన కథ ఆ బాలుర బ్రతుకులనుండియే పుట్టినది. అందువలననే ఆ పసివారి మాటలు కంఠస్థము చేసినట్లు వినబడవు.

ఒక ఘట్టమును నిదానముగా చూడవలెను. బాలుడు వీథిలో జాబులు వ్రాసి యిచ్చువాని యెదుట కూర్చుండి తల్లికి కబురు చెప్పును. పూర్తి చిరునామా వానికి తెలియదు. డబ్బు పుచ్చుకొన్న ఆ లేఖకుడు, అప్పటికింకను పేరు రాని ఇర్ఫాన్ ఖాన్, బాలుడు వెడలిన పిదప జాబును పారవేయును. ఎంతటి దుఃఖము, ఎంత చిన్న కదలిక! కడపట వినాయక నిమజ్జనపు జనసమ్మర్దమున తన వారిని కోల్పోయి, ఒంటరిగా కూర్చుండి, బొంగరమునకు తాడు చుట్టుచు వాడు కంటతడి పెట్టుట మరొకటి. ఈ రెండింటికొరకే ఆ చిత్రమును మరల మరల చూచెదను.

కాన్ చలనచిత్రోత్సవమున దానికి కెమెరా దోర్ పురస్కారము లభించినది. షఫీక్ జాతీయ ఉత్తమ బాలనటుడైనాడు. ఆ చిత్రము పిదప వీథిబాలుర కొరకు ముంబయిలో సలాం బాలక్ ట్రస్టు వెలసినది. పిదప షఫీక్ బెంగుళూరు తిరిగివచ్చి ఆటో నడిపి కుటుంబమును పోషించెను. బాలుని బ్రతుకును తెరకెక్కించిన కళ, వాని తరువాతి బ్రతుకునకు పూచీపడలేకపోయినదని నా కిప్పటికిని బాధ.

పాఠకులారా, హిందూపురమునగాని ధర్మవరమునగాని ప్లాట్‌ఫారము మీద ఒంటరి బాలుడు కనబడినచో నాణెమొకటి వేసి సాగిపోకుడు. వాని పేరడుగుడు, ఊరడుగుడు, బాలల సహాయవాణి 1098కి ఫోను చేయుడు.