పదిహేడు పళ్ళ లెక్క

మా ధర్పల్లి వైపు ఇంటి షెడ్డులో చిన్న మిల్లింగ్ మిషన్ పెట్టుకున్నవాడి దగ్గరికి వచ్చేది ఎక్కువగా పళ్ళు ఊడిన గేరే. చెరుకు రసం బండిదో, పసుపు పాలిష్ డ్రమ్ముదో. "అన్నా, నిజామాబాద్ పోకుండ ఇక్కడనే అయితదా?" అంటారు. పన్ను కోసే కట్టర్ బజారులో దొరుకుతుంది. పన్నుకూ పన్నుకూ మధ్య ఎడం సమంగా రావాలంటే ముక్కను ఎంత తిప్పాలన్నదే చిక్కు. డివైడింగ్ హెడ్డు కొనాలా, రోటరీ టేబులా అన్న తర్జనభర్జన అక్కడ మొదలవుతుంది.

మామూలు డివైడింగ్ హెడ్డులో హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే ముక్క ఒక్క చుట్టు తిరుగుతుంది. 17 పళ్ళ పినియన్ కావాలంటే 40ని 17తో భాగించాలి: రెండు చుట్లు, ఆపై ఇండెక్స్ ప్లేటు మీది 17 రంధ్రాల వరుసలో ఆరు రంధ్రాలు. డిగ్రీల గీతలు మాత్రమే ఉన్న టేబుల్ మీద ఇదే పని చేస్తే ఒక్కో పన్నుకు దాదాపు 21 డిగ్రీల 10 నిమిషాల 35 సెకన్లు. దాన్ని కూడుకుంటూ పోతుంటే మధ్యలో ఎవరైనా చాయ్‌కి పిలిచారంటే పినియన్ పోయినట్టే.

నాకు బాగా నచ్చేది హెడ్డు లోపలి వర్మ్ (ముక్కను తిప్పే చక్రాన్ని నడిపే మర) చేసే మేలు. ప్లేటు మీద రంధ్రం కాస్త పక్కకు పడినా, ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా నలభయ్యో వంతే. ఈ మేలు ఎక్కడ అక్కరకొస్తుందో చూడండి: ఇంచీల లేత్ మీద మిల్లీమీటర్ల మరలు కోయాలంటే 127 పళ్ళ చక్రం కావాలి. ఆ సంఖ్యకు మామూలు ప్లేట్లలో వరుస ఉండదు. కాగితం మీద గీసి, రేకుకు అంటించి, చేత్తో పంచ్ కొట్టి ప్లేటు చేసుకోవచ్చు. దాన్ని హెడ్డుకు బిగించి రెండో ప్లేటు చేస్తే మొదటిదాని వంకరలు చాలావరకు పోతాయి.

బోధన్‌లో 1937లో పెట్టి, 2015లో మూతపడ్డ నిజాం షుగర్స్ అంతటి ఫ్యాక్టరీ లెక్కలు వేరు. ఇంటి మిషన్‌కు కరువంతా ఎత్తుకే. టేబుల్, దానిమీద చక్, చక్‌లో ముక్క, పైన కట్టర్. అన్నీ పేర్చాక సందు మిగలదు. అందుకే కొనే ముందు టేపు పట్టుకుని కొలవాలి.

నా ఓటు ఆరంగుళాల రోటరీ టేబుల్‌కు. పడుకోబెట్టీ నిలబెట్టీ బిగించగలిగేది, ఇండెక్స్ ప్లేట్లు, టెయిల్‌స్టాక్ ఉన్నది కావాలి. హ్యాండిల్ 90 చుట్లకు ఒక చుట్టు తిరిగేదైతే 17 పళ్ళ పినియన్‌లో ఒక్కో పన్నుకు ఐదు చుట్లు, అదే 17 రంధ్రాల వరుసలో ఐదు రంధ్రాలు. పడుకోబెడితే వంపు గాళ్ళు కూడా కోస్తుంది. బెవెల్ గేర్లకు వంగే హెడ్డే సుఖం, కానీ ఊళ్ళో ఆ పని అరుదు.

పాత సామాను కొంటే అమ్మేవాడి ముందే టేబుల్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. అంతటా ఒకేలా వదులుంటే వర్మ్ సర్దుకోవచ్చు. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు అంటే చక్రం అరిగిందన్నమాట; బేరం ఎంత తగ్గించినా తీసుకోవద్దు.