రెండవ చిత్రములోని పరిచారిక

హాలీవుడ్డు స్వర్ణయుగమును గూర్చి వ్రాయువారు పెద్ద చిత్రములనే పొగడుదురు. ఆ పెద్ద చిత్రములతో జతగా ఆడి, మఱునాటికే మఱపున బడిన చిన్న చిత్రముల మాట యెత్తువారు తక్కువ. 1930లలో, ఆర్థిక మాంద్యపు దినములలో, అమెరికాలోని సినిమాశాలలు ఒకే టిక్కెట్టుకు రెండు చిత్రములు చూపసాగెను. పేరుగల తారలున్న మొదటిదానికి వసూళ్లలో వాటా వచ్చెడిది. బి-చిత్రమనబడు రెండవదానికి నిర్ణీతమైన అద్దె మాత్రమే. ఎంత బాగుగ తీసినను ఆ అద్దె పెరుగదు. ఎంత చెడగొట్టినను తరుగదు. అందుచేత పైవారికి దానిపై ఆశయు తక్కువ, నిఘాయు తక్కువ.

ఆ నిఘా లేని చోటును సద్వినియోగము చేసికొన్నవారు కొలదిమందియే. ఆ చిత్రములలో పెక్కింట గుఱ్ఱపు పరుగులు, తుపాకి మ్రోతలు తప్ప వేఱొకటి కానరాదు. పేదఱికము తనంతట కళ కాజాలదు. బి-చిత్రమని వినగానే చేతులు జోడించు కొత్త రసికులను జూచిన నాకు నవ్వు వచ్చును.

అయినను వాల్ ల్యూటన్ నిర్మించిన చిత్రములు వేఱు. ఆర్.కె.ఓ. సంస్థవారు 1942లో ఇతనికి భయానక చిత్రముల శాఖ నప్పగించి, మూడు షరతులు పెట్టిరి. వ్యయము 1,50,000 డాలర్లు మించరాదు. నిడివి 75 నిమిషములు దాటరాదు. పేర్లు పైవారే పెట్టుదురు. ‘క్యాట్ పీపుల్’ అను మొదటి పేరు అట్లు వచ్చినదే. దర్శకుడు జాక్ టూర్నర్ అందు క్రూరమృగమును చూపుటకంటె దాని నీడను చూపియే ఎక్కువ భయపెట్టెను. ఈ నీడల నేర్పును విమర్శకులు తగినంత మెచ్చియున్నారు. నేను చెప్పదలచినది మఱియొకటి.

అదే జంట 1943లో ‘ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ’ని తీసెను. ఆ పేరు వినినవారు దానిని సంతబొమ్మలాట యనుకొందురు. కథ వెస్టిండీసులోని ఒక ద్వీపమున జరుగును. చెఱకుతోట యజమాని భార్యకు మతి పోయినది. ఆమె సేవకై బెట్సీ యను నర్సు కెనడా నుండి వచ్చును. దారిలో నల్లజాతి బండివాడు తన పూర్వులను సంకెలలతో ఓడలో తెచ్చిన సంగతి చెప్పును. మిమ్ము అందమైన చోటికే తెచ్చిరి గదా యని ఆమె యమాయికముగ ననును. మీరట్లనినచో నట్లే యని యాతడు మఱుమాట లేక బండి తోలుకొనిపోవును. కోపము లేదు, ఉపన్యాసము లేదు. బానిసత్వముపై ఆ కాలపు మహాచిత్రములు గంటల తరబడి చెప్పలేని మాట ఆ చిన్న సమాధానములో నున్నది. ఆ బానిసల ఓడ ముందుభాగమున నుండిన బొమ్మయే ఇప్పుడు యజమానుల తోటలో నిలిచియున్నది.

ఆ యింటి పరిచారిక ఆల్మా. ఈ పాత్రను ధరించిన థెరిసా హారిస్ కొఱకే నేనీ వ్యాసము వ్రాయుచున్నాను. ఉదయమున ఆల్మా నర్సును కాలివేలు తాకి లేపును. బెదరకుండ హృదయమునకు మిక్కిలి దూరమైన చోట తాకితినని చెప్పును. ఇంకొక రాత్రి యేడ్పు వినబడును. ఏడ్చినది ఆల్మాయే, ఆమె తోబుట్టువు బిడ్డను కన్నదట. తరతరములుగ బ్రదుకు బరువైన యీ జనులు పుట్టుకకు ఏడ్చి చావునకు సంతసింతురని యజమాని వివరించును. హారిస్ ఈ పాత్రకు అతివినయమును గాని, వెకిలి హాస్యమును గాని పూయలేదు. తనకు తెలిసినది ఇతరులకు తెలియదన్న ఎఱుక ఆమె చూపులో నున్నది. ఆల్మా తెరపై నున్నంతసేపు యజమానుల ప్రణయకలహము నాకు మిక్కిలి చిన్నదిగ దోచినది.

ఆమె పాడగలదు, ఆడగలదు. 1933 నాటి ‘బేబీ ఫేస్’లో బార్బరా స్టాన్‌విక్ సరసన చెలికత్తెగ మెఱసినది. అయినను నల్లజాతి స్త్రీకి ఆ పరిశ్రమ ఇచ్చినది పరిచారిక దుస్తులే. అనేక చిత్రములలో ఆమె పేరు సయితము వేయలేదు. ల్యూటన్ చిత్రములును ఆ దుస్తులను మార్చలేదు. ‘క్యాట్ పీపుల్’లో ఆమె ఫలహారశాలలో వడ్డించును, తరువాత ఆల్మా. కథకు నడుమ తెల్లవారి కుటుంబమే యున్నది. దీనిని న్యాయమని నేననను. కాని పనికత్తెకును ఒక జ్ఞాపకము, ఒక దుఃఖము, ఒక కుటుంబము ఉండునని చూపించుట ఆనాటి పెద్ద చిత్రములలో మిక్కిలి అరుదు.

1948లో అమెరికా సుప్రీముకోర్టు తీర్పు వలన చిత్రసంస్థలు తమ సినిమాశాలలను వదలుకొనవలసి వచ్చెను. అటుపై టెలివిజను వచ్చి, బి-చిత్రముల కాలము క్రమముగ ముగిసెను. ల్యూటన్ 1951లో తన నలువదియాఱవ యేట చనిపోయెను; హారిస్ 1985లో. ఆమె జీవితమునుండి ప్రేరణ పొంది నాటకకర్త్రి లిన్ నాటేజ్ 2011లో ‘బై ద వే, మీట్ వెరా స్టార్క్’ అను నాటకమును రంగమెక్కించినది. అందలి నాయికయు ఒక సినిమా తారకు పనికత్తె. సినిమాలో వేషమునకై యత్నించి, తుదకు ఆమెకు దొరకునదియు పనికత్తె వేషమే.