తాటకి గెలవకపోతే?

మన పిల్లల కథల్లో ఆడపిల్లకి ఆపద వస్తే చివర్లో ఒక నీతి కూడా వస్తుంది: ఒంటరిగా వెళ్ళకూడదు, పెద్దల మాట వినాలి. 2008లో అన్వేషి సంస్థ తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' బొమ్మల పుస్తకాల్లో గోగు శ్యామల రాసిన తాటకి కథ ఈ నీతిని పక్కన పెట్టేసింది. పదకొండేళ్ళ బాలమణి తెల్లవారకముందే ఒంటరిగా చేనుకి నీళ్ళు పెట్టడానికి బయల్దేరుతుంది. భూస్వామి అడ్డొస్తాడు. గెలిచేది ఆ పిల్లే. 'వెళ్ళొద్దు' అనే నీతి ఆమెకి పనికిరాదు, వెళ్ళకపోతే చేను ఎండుతుంది. రామాయణంలో రాముడి చేతిలో చచ్చిన తాటకి పేరు ఇక్కడ గెలిచిన పిల్లకి దక్కింది.

గాజులరామారంలో మా వీధి ఆడపిల్లలకి ఈ కథ చదివి వినిపించాను. వాళ్ళ తల్లుల్లో చాలామంది జీడిమెట్ల కంపెనీల్లో షిఫ్టులు చేస్తారు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఒకమ్మాయి అడిగింది: "గెలవకపోతే తప్పు తాటకిదేనా అక్కా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ధీరవనితల కథలన్నిటిలోనూ ఉన్న చిక్కే ఇది. భయపడమనే నీతి పోయి, గెలిచి తీరాలనే నీతి వచ్చి కూర్చుంటుంది.

ఇంటికొచ్చి పుస్తకం ఇంగ్లీషు పేరు మళ్ళీ చూశాను: 'తాటకి విన్స్ ఎగైన్'. 'మళ్ళీ' గెలిచిందట. అంటే అంతకుముందూ గెలవాల్సి వచ్చింది, రేపూ గెలవాలి. భూస్వామి ఆ దారిలోనే ఉన్నాడు. గెలుపుని చూసి నవ్విన మేము ఆ 'మళ్ళీ'ని వినలేదు. ఆ పిల్ల ఒక్కతే విన్నది.

వచ్చే ఆదివారం కథ మొదలుపెట్టే ముందే ఆమెకి చెప్పాలి: గెలిచినా, ఓడినా తప్పు వాడిదే.