రెండువందల నిమిషముల నీరు

అనంతపురమునకు ఆనుకొనియున్న బుక్కరాయసముద్రపు చెరువుకట్టమీద సాయంకాలము నడచునప్పుడెల్ల నాకు ఇద్దరు జ్ఞప్తికి వత్తురు. కట్ట తెగిననాడు ఊరిని కాపాడుటకై తన్నుతాను బలియిచ్చుకొన్నదని జనులు చెప్పుకొను ముసలమ్మ ఒకతె. తూము తెరచుచు, మూయుచు, ఏ మడికెంత నీరు, ఎవరి వంతు ఎంతసేపు అని నిర్ణయించుటలోనే బ్రతుకు గడపిన నీరుగంటి వేరొకడు. మొదటియామెను గూర్చి కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమే రచించిరి. రెండవవానికి కావ్యము లేదు, గుడి లేదు. ఇరువదియేండ్లుగా పల్లెపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుచున్న నాకు గురువు ఈ రెండవవాడే యని తెలియుటకు అందులో సగము కాలము పట్టినది.

జట్టు చిన్నపిల్లలదైనప్పుడు చూడవచ్చినవారందరును అడుగు ప్రశ్న యొక్కటే: రేపు మొదట దిగబోవు ఆ ఐదుగురు ఎవరు? ఈ ఐదను సంఖ్య కూడ ఆటతో పుట్టినది కాదు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రెండు పండ్లబుట్టలు వ్రేలాడగట్టి ఆడించిన మొదటి ఆటలో పక్షమునకు తొమ్మండుగురు దిగిరి. ఐదుగురన్న నియమము 1897లో గాని స్థిరపడలేదు. అయినను ఆ ఐదు స్థానముల చుట్టును తల్లిదండ్రుల ఆశయు, పిల్లల నిద్రలేమియు, మావంటివారి అహంకారమును తిరుగుచుండును. నేను మాత్రము ఇప్పుడు ఐదును గాక 200ను లెక్కించుచున్నాను. పదేసి నిమిషముల భాగములు నాలుగు, అనగా 40 నిమిషములు, కోర్టులో ఐదుగురు, హెచ్చించినచో 200 నిమిషములు. ఒక ఆటలో నాకు దక్కిన చెరువు ఇంతే. బెంచీమీద, కోర్టులో కలిసి పండ్రెండుగురు పిల్లలు. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వర్షించు, అదియు నమ్మరాని, ఈ సీమలో పుట్టినవానికి ఇట్టి లెక్క నేర్పనక్కరలేదు.

నేర్పనక్కరలేని ఆ లెక్కను నేను మొదటి పదియేండ్లు మరచితిని. ఆ పదియేండ్ల చివరిలో నా జట్టున ఒక పొడుగుపిల్ల యుండెను. పండ్రెండేండ్ల ప్రాయముననే తోటివారికంటె జానెడు ఎత్తు. ఆమెను చూచినంతనే నాకు సెంటరు దొరికినదని నిశ్చయించి, రింగు క్రింద నిలువుము, చేతులెత్తుము, వచ్చిన బంతిని పట్టి వేయుము, వేరేమియు అక్కరలేదని చెప్పితిని. ఆ రెండేండ్లు మేము గెలుచుచునే యుంటిమి. ఆటకు 40 నిమిషములును ఆమె యాడెను. అలసినదా యని నేనడుగలేదు, ఆమెయు చెప్పలేదు. ఆడపిల్లల ఎదుగుదల 11, 12 ఏండ్ల ప్రాయమున ఉద్ధృతమై పిదప నెమ్మదించునని, ఆ ఉద్ధృతి ఒక్కొక్క దేహమునకు ఒక్కొక్క వేళ వచ్చునని, ముందుగా ఎదిగినది ముందుగానే ఆగునని పుస్తకములలో చదివియు నేను పట్టించుకొనలేదు. పదునైదవ యేటికి తోటిపిల్లలు ఆమెను అందుకొనిరి. అప్పటికి ఆమెకు బంతిని నేలకు కొట్టుచు నాలుగడుగులు నడచుట రాదు. ఎదుటివారి కదలిక చూచి పాస్ ఇచ్చుట రాదు. రింగునకు ఎదురుగా తిరిగి నిలుచుటయే రాదు. రానిది ఆమె లోపము కాదు, నేను నేర్పనిది. పిల్లను తెచ్చి కట్ట తెగినచోట నిలిపి, ఊరు మునుగకుండుటయే చాలునని సంతసించితిని. ముసలమ్మ తానై పోయినది. ఈ పిల్లను పంపినది నేను.

అదే యేడు వానలు కురియలేదు. నా ఐదుగురిలో ఇద్దరి కుటుంబములు బెంగుళూరు వలసపోయినవి. బెంచీమీద మిగిలినవారు ఆటను కన్నులార చూచినవారే గాని కాళ్లార ఆడినవారు కారు. చెనిక్కాయ పెరుకు దినములలో సగము జట్టు చేలలోనే యుండు సీమలో, ఐదుగురిని నమ్మి జట్టు కట్టుట ఒక్క బోరును నమ్మి తోట పెట్టుటయే. ఆ మాట నాకు సూటిగా తెలియజెప్పినది బెంచీమీది చిన్నపిల్ల అవ్వ. ఒకనాడు కోర్టు ప్రక్క వేపచెట్టు క్రింద నన్ను నిలిపి, ‘ఏం సామీ, మా పాప ఆడేకి వస్తాదా, సూసేకి వస్తాదా?’ అని యడిగెను. ఆమె కంఠమున కోపము లేదు. నిజముగా తెలిసికొనగోరి యడిగినది. నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఆ రాత్రి నోటుబుక్కులో పాయింట్ల పట్టిక తీసివేసి నిమిషముల పట్టిక గీసితిని. తూమునకు దాపుననున్న మడి ఎవరు చూచినను చూడకున్నను తడియును; ఆయకట్టు కొసనున్న మడి నీరుగంటి తలచిననే తడియును. ఆటగత్తెలలోను అంతే. చురుకైన పిల్ల వీధిలోనైనను, గోడకు బంతి కొట్టియైనను నేర్చుకొనును. బెదురుపిల్లకు నేర్పునది ఆటలోని నిమిషమే, వేరు దారి లేదు. ఫుట్‌బాల్‌లో బయటికి వచ్చినవారు ఆ ఆటలో మరల దిగుటకు వీలులేదు; బాస్కెట్‌బాల్‌లో ఎన్నిమారులైనను వచ్చి పోవచ్చును. ఈ ఔదార్యమును మేము వాడుకొనకుండుట తూము తలుపునకు మేకులు కొట్టుటవంటిది. కావున మొదటి మూడు భాగములలో పండ్రెండుగురికిని వంతు గలదు. బెదురుపిల్లలను ఒకేమారు దింపను. నెమ్మదిగల ముగ్గురి నడుమ ఇద్దరిని దింపెదను. పొడుగువారిచేత బంతిని ఈ కొసనుండి ఆ కొసకు తెప్పించెదను, వారు పోగొట్టుకొన్నను సరే. పొట్టివారిని రింగు క్రిందికి పంపి, ఎత్తైనవారి ముందు దేహమును అడ్డుపెట్టి రీబౌండ్‌కు చోటు సంపాదించుట నేర్పెదను. పదునాలుగేండ్లలోపు పిల్లకు ‘నీవు సెంటరువు’, ‘నీవు గార్డువు’ అని పేరు పెట్టుట నేను మానితిని. ఎవరి దేహము ఎటు సాగునో ఎరుగని వయస్సులో ఆ పేరు సంకెల యగును.

దూరదేశపు దృష్టాంతము నొకటి చెప్పవలెను. అమెరికా లీగులో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు 2020-21లో 72 ఆటలకు 22, మరుసటి యేడు 82కు 24 మాత్రమే గెలిచి, 2025లో ఛాంపియన్ అయినది. ఆ జట్టు మేటి రక్షకుడు లూ డోర్ట్‌ను 2019 ఎంపికలో ఏ జట్టును కోరలేదు. 2022లో రెండవవానిగా ఎన్నికైన చెట్ హోమ్‌గ్రెన్ పాదము గాయపడగా మొదటి యేడంతయు అతనిని ఆడింపక కూర్చుండబెట్టిరి. ఆ ఓర్పు నాకు పూజ్యము. అయినను అక్కడ ఓడిన జట్టుకు క్రొత్తవారి ఎంపికలో ముందువరుస దక్కు ఆచారము కలదు. మా ఓటమికి అట్టి ప్రతిఫలమేమియు లేదు; ఎవరెవరు ఎన్ని నిమిషములు ఆడిరో ఆ లెక్కయే మాకు మిగులును.

ఓర్పునకు ఇక్కడను సాక్ష్యము లేకపోలేదు. 1969లో విసెంటె ఫెర్రర్ ఈ కరువునేలమీద ఆరంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ 2000లో క్రీడాగ్రామమును నెలకొల్పినది. 2010లో నడాల్ టెన్నిస్ పాఠశాల వచ్చినది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు అక్కడనే జరిగినవి. ఆ పచ్చిక చూడవచ్చినవారిలో నడుమ గడచిన ఇరువది నాలుగేండ్లను తలచినవారు ఎందరో!

ఓటమి తేలిక యని నేననను. వరుసగా ఏడు ఆటలు ఓడినప్పుడు పిల్లలు ఆటోలో ఒకరి మొగమొకరు చూడక కూర్చుండిరి. ఒకతె రెండువారములు రాలేదు. ఎన్నడును గెలువని జట్టు కూడ ఎండును. అందుచేతనే నాలుగవ భాగమును మాత్రము, ఆనాడు బాగుగా నాడుచున్నవారికి విడిచిపెట్టెదను. ఆ విభజన న్యాయమో కాదో అని ఇప్పటికిని ఆటకొకమారు నాలో నేను తర్కించుకొనుచునే యున్నాను.

పోయిన శనివారము మూడవ భాగములో ఆ అవ్వ వేరొక మనుమరాలే బంతి తెచ్చుచుండెను. మేము నాలుగు పాయింట్లు వెనుకబడియుంటిమి. మధ్యగీత దాటకముందే ఎదుటిపిల్ల ఆమె చేతిలోని బంతిని తన్నుకొనిపోయి లే-అప్ వేసెను, అంతరము ఆరు. మా పిల్ల తిరిగి బెంచీవైపు చూచెను, పిలిచెదనేమో యని. గడియారములో ఇంకను ఆరు నిమిషములున్నవి. నేను చేయెత్తక బంతివైపు చూపితిని. ఆమె పోయి గీతవెలుపల నిలిచి, బంతి తనకే యిమ్మని చేతులు చాచెను.