నోరా ఇంట్లోకి కెమెరా వెళ్తే

హెన్రిక్ ఇబ్సెన్ 1879లో రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ మూడంకాలూ ఒకే గదిలో జరుగుతాయి. నోరా బజారుకు వెళ్లొచ్చినా, పై అంతస్తులో విందుకు వెళ్లొచ్చినా మనకు కనిపించేది ఆ గోడల మధ్యే. వీధి తలుపు దగ్గర ఉత్తరాల పెట్టె. దాని తాళంచెవి భర్త దగ్గర. అతని ప్రాణం నిలపడానికి ఆమె తండ్రి సంతకం తానే పెట్టి అప్పు తెచ్చింది. ఆ గుట్టు విప్పే ఉత్తరం పెట్టెలో పడింది. భర్త అటు వెళ్లకుండా ఆపాలని ఆమె టారంటెల్లా నాట్యం నేర్పమంటూ ఒంటి మీద స్పృహ లేనట్టు ఆడుతుంది. చూసేవాళ్లకు ఊపిరాడదు. ఆ ఉక్కపోతే ఈ నాటకానికి ప్రాణం.

సినిమా తీసేవాళ్లు ముందుగా కిటికీలు తెరవాలనుకుంటారు. 1973లో జేన్ ఫోండాతో జోసెఫ్ లోసీ అదే చేశాడు. నార్వేలోని రోరోస్‌లో మంచు మధ్య తీస్తూ, నాటకానికి ముందు జరిగిన కథను కూడా చూపించాడు. కంటికి బాగుంటుంది. కానీ ఆరుబయట తిరిగే నోరాను చూశాక, గడప దాటడానికి ఆమెకు అంత తెగువ ఎందుకు కావాలో మనసుకు ఎక్కదు. అదే ఏడాది క్లెయిర్ బ్లూమ్‌తో పాట్రిక్ గార్లండ్ తీసిన చిత్రం ఇంటినే నమ్ముకుంది. ఈ రెండింట్లో నా ఓటు దానికే.

అయితే గది దాటడమే తప్పనలేం. దాటి ఏం చూపించారన్నదే లెక్క. అప్పు తీర్చడానికి ఓ శీతాకాలమంతా రాత్రుళ్లు తలుపేసుకుని నకళ్లు రాశానని నోరా స్నేహితురాలితో అంటుంది. రంగస్థలం మీద అది మాటల్లో దొర్లిపోయే సంగతి. ఇరాన్ దర్శకుడు దారియుష్ మెహర్జుయీ ఈ నాటకం ఆధారంగా తీసిన ‘సారా’ చిత్రానికి దాన్నే వెన్నెముక చేసుకున్నాడు. టెహ్రాన్ ఇల్లాలు సారా ఇల్లు సద్దుమణిగాక పెళ్లి దుస్తుల మీద పూసలు కుడుతుంది. సూది, దారం, మసక వెలుతురు, క్రమంగా చెడిపోతున్న చూపు. చాదర్ కప్పుకుని బజారు వీధుల్లో ఆమె పరుగున నడుస్తుంటే అది షికారు కాదని తెలుస్తూనే ఉంటుంది, కుట్టినదానికి డబ్బు తెచ్చుకోవాలి. బయటికొచ్చినా ఆమెను ఇల్లు వదలదు. భర్త ఆరోగ్యం ఎవరి కళ్లు కరిగి వచ్చిందో ప్రేక్షకుడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఈ పాత్రకు నికీ కరీమీ 1993లో శాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అయింది. నాటకాన్ని తెరకెక్కించడమంటే నాకు ఇదే: మాటల చాటున ఉండిపోయిన చాకిరీని కళ్లముందు పెట్టడం.

ముగింపు దగ్గర మెహర్జుయీ పెద్ద మార్పే చేశాడు. నోరా ముగ్గురు పిల్లల్నీ వదిలి వెళ్తుంది, సారా కూతుర్ని వెంటబెట్టుకుని టాక్సీ ఎక్కుతుంది. ఇబ్సెన్‌ను మెత్తబరిచారని కొందరికి అనిపించవచ్చు. కానీ అసలైన మెత్తబరచడం వేరు. 1880లో జర్మనీ రంగస్థలం కోసం, నిద్రపోతున్న పిల్లల్ని చూసి నోరా ఆగిపోయే ముగింపును ఇబ్సెనే అయిష్టంగా రాసివ్వాల్సి వచ్చింది. అక్కడ పిల్లలు ఆమె కాళ్లకు బంధం. పిల్లల మీద తండ్రికే ఎక్కువ హక్కున్న దేశంలో, కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరిన సారా ఆ బంధాన్నే తెంచింది. తానొక్కతే కాదు, తన తర్వాతి ఆడపిల్ల కూడా ఆ ఇంటి చట్టం కింద పెరగదని తేల్చి చెప్పింది.