వంకర ఇరుసు సొగసు

బయోకెమిస్ట్రీ నేర్చుకుందామని కూర్చున్న ఇంజనీర్లు చాలామంది ఇరవై అమైనో ఆమ్లాల పేర్లు, గ్లైకాలిసిస్ పది మెట్లు చూసేసరికి పుస్తకం మూసేస్తారు. వాళ్లకు నా సలహా ఒక్కటే: అవన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు కణాలకు శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ బొమ్మ ఉన్న పేజీ తియ్యండి. అక్కడ మోటారుంది. మాటవరసకు అనడం లేదు, గిరగిరా తిరిగే మోటారే.

మూడు ఆల్ఫాలు, మూడు బీటాలు, ఒకటి విడిచి ఒకటిగా గుండ్రంగా కూర్చున్న ప్రోటీన్లు. వాటి నడుమ గామా అనే ఇరుసు. జాన్ వాకర్ బృందం ఆవు గుండె కణాల నుంచి దీన్ని తీసి, ఎక్స్‌రేలతో రూపం తేల్చి 1994లో ప్రచురించింది. ఒకే అచ్చులోంచి వచ్చిన మూడు బీటాలు అందులో మూడు భంగిమల్లో కనిపిస్తాయి. ఇరుసు వంకరగా ఉండటమే దానికి కారణం. వర్క్‌షాపులో అయితే రిజెక్ట్ అని పక్కన పడేసే వంకర అది! ఇక్కడ ఆ వంకరే తిరుగుతూ బీటాలను వరసగా ఒత్తుతుంది. ఏడీపీని, ఫాస్ఫేటును బీటా పట్టుకుంటుంది, బిగిస్తుంది, వదులుతుంది. ఆ బిగింపులో రెండూ దాదాపు వాటంతటవే కలిసిపోతాయి. శక్తి ముఖ్యంగా ఖర్చయ్యేది తయారైన ఏటీపీని వదిలించడానికట. పాల్ బోయర్ ముందే చేసిన ఈ ఊహకు వాకర్ బొమ్మ సాక్ష్యం పలికింది. 1997 నోబెల్‌లో ఇద్దరికీ వాటా దక్కింది.

(ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో కండరంలోంచి పట్టుకున్న ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. రెండోవారు ఫిస్కే. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా కనుక్కున్నాడు.)

అదే 1997లో జపాన్‌లో నోజి, యోషిదా, కినోసితా బృందం ఆల్ఫా, బీటాల ఈ గుండ్రటి తలను గాజుపలకకు అతికించి, ఇరుసు కొసకు మెరిసే ఆక్టిన్ పోగు తగిలించింది. మోటారు వెడల్పు పది నానోమీటర్లు; పోగు దానికి వందరెట్ల పైమాటే. ఏటీపీ పోస్తే మోటారు వెనక్కి నడిచి, అంత పోగునూ తిప్పింది, ఎప్పుడూ ఒకే దిక్కుకు. ఏటీపీ బాగా తగ్గిస్తే ఆగి ఆగి, 120 డిగ్రీల చొప్పున.

నన్ను ఇంకా వదలనిది దీని గేరు లెక్క. కణంలో ఈ ఇరుసును తిప్పేది, కింద పొరలో ప్రోటాన్లు తిప్పే చక్రం. దానికి ఆవులో 8 ముక్కలు, పాలకూర ఆకులో 14. పైన మాత్రం చుట్టుకు మూడే ఏటీపీలు. ఎనిమిదిని మూడుతో భాగించండి, తెగదు. ఆ తేడాను మోటారు తన ఒంట్లోనే సర్దుకుంటుంది: ఇరుసు స్ప్రింగులా కాస్త మెలిపడి, సమయం రాగానే విప్పుకుంటుంది.